తప్పు చేసినవాడు ఇంటికొస్తే: ఐదు మూకీ నేరకథల్లో ఏది ఎవరికి?

నేరం, అపరాధ భావం, కుటుంబ బంధం ముడిపడిన కథకు సంభాషణలతో పెద్దగా పని లేదు. తప్పు చేసినవాడు అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టినప్పుడు లోపలివాళ్లు ఏం చేస్తారన్నదే అసలు కథ. తలుపు తీసిన మనిషి ముఖంలోనే దానికి సగం జవాబు దొరుకుతుంది. 1919 నుంచి 1930 వరకు స్వీడన్, జర్మనీ, బ్రిటన్, అమెరికా, జపాన్ దేశాల్లో ఈ ప్రశ్న చుట్టూ అల్లిన మూకీ చిత్రాలు చాలా వచ్చాయి. వాటిలో చూడదగ్గ ప్రతులు మిగిలి ఉన్న ఐదింటిని ఇక్కడ తీసుకున్నాను: జర్మనీ నుంచి 'అస్ఫాల్ట్', జపాన్ నుంచి ఇంగ్లీషులో 'దట్ నైట్స్ వైఫ్' అని పిలిచే, దర్శకుడు యసుజిరో ఓజు తీసిన చిత్రం, బ్రిటన్ నుంచి 'బ్లాక్‌మెయిల్', స్వీడన్ నుంచి 'సర్ ఆర్నెస్ ట్రెజర్', అమెరికా నుంచి 'షికాగో'. ఒక్కటే చూసే తీరిక ఉన్నవారు ఏది చూడాలో తేల్చుకోవడానికి ఈ పోలిక ఉపయోగపడుతుంది.

మన దగ్గరి మూకీ ఒకటి ఈ జాబితాలో ఉంటే బాగుండేది. రఘుపతి వెంకయ్య సంస్థ తరఫున ఆయన కుమారుడు ప్రకాశ్ తీసిన 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ' తండ్రి సుఖం కోసం కొడుకు తన జీవితాన్నే వదులుకున్న కథ. కుటుంబ విధేయతకు అంతకు మించిన ఇతివృత్తం దొరకదు గాని, ఆ చిత్రం ప్రతి ఈనాడు దొరకదు. భారతీయ మూకీయే కావాలని పట్టుబట్టేవారు 1929 నాటి 'ప్రపంచ పాశ్' చూడవచ్చు. హిమాంశు రాయ్ నిర్మించి, నటించిన ఆ చిత్రానికి జర్మనీకి చెందిన ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకుడు. మహాభారతంలోని జూద ఘట్టం స్ఫూర్తితో అల్లిన ఆ కథలో కుట్ర ఉంది, హత్యాయత్నం ఉంది, పాచికల మోసం ఉంది. అయితే అందులోని దుర్మార్గుడికి పశ్చాత్తాపం అన్నది లేశమైనా లేదు కాబట్టి మన ప్రశ్నకు అది జవాబు ఇవ్వదు.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముందు చూడవలసింది, నేరం జరిగిన తరువాత ఇల్లు ఎవరి పక్షాన నిలుస్తుందన్నది. ఒక ఇల్లు దాస్తుంది, ఒక ఇల్లు అప్పగిస్తుంది, ఒక ఇంటికి సంగతే తెలియదు, ఇంకొక ఇంట్లో ప్రాణాలతో మిగిలింది ఒక్క పిల్లే. పరిచయ వ్యాసాలు సాధారణంగా ఈ చిత్రాలను దర్శకుడి కీర్తిని బట్టో, కెమెరా పనితనాన్ని బట్టో వరుస పెడుతుంటాయి. సినిమా చరిత్ర చదివేవారికి ఆ వరుస పనికొస్తుంది గాని, ఈ ఇతివృత్తం కోసమే చూడబోయేవారిని అది పక్కదారి పట్టిస్తుంది. హిచ్‌కాక్ పేరు చూసి 'బ్లాక్‌మెయిల్' మొదలుపెట్టినవారు, అందులోని తల్లిదండ్రులు తమ దుకాణం పని తప్ప మరేమీ ఎరగరని తెలిసి నిరాశపడే అవకాశం ఉంది.

రెండవది, అపరాధ భావాన్ని తెర మీద ఎలా పలికించారన్నది. మాట లేని చిత్రంలో పాత్ర మనసులో ఏముందో చెప్పడానికి దర్శకుడికి ఉన్న దారులు కొన్నే: నటుడి ముఖం, ఒక వస్తువు, ఒక భ్రాంతి, లేదా అక్షరాలతో నింపిన టైటిల్ కార్డు. కార్డు మీద ఎక్కువగా ఆధారపడిన చిత్రం ఇవాళ్టి కంటికి తొందరగా విసుగు తెప్పిస్తుంది. పైగా ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూసేవారికి కార్డుల సంఖ్య ఆచరణలో సమస్య అవుతుంది, ఎందుకంటే కార్డు తెర మీద నిలిచే నాలుగైదు సెకన్లలోనే ఎవరో ఒకరు ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాలి.

నిడివి, ముగింపులోని తీర్పు, ప్రతి నాణ్యత ఆ తరువాతి లెక్కలు. కింది పట్టికలోనూ ఆపై వివరణలోనూ కథల ముగింపులు చెప్పక తప్పలేదు. వీటిలో హంతకుడెవరన్నది రహస్యం కాదు కాబట్టి ముందే తెలిసినా పెద్ద నష్టం లేదు.

| చిత్రం | దేశం, సంవత్సరం | నిడివి (సుమారు) | తప్పు చేసినది | ఇంటివాళ్ల తీరు | ముగింపు |
|---|---|---|---|---|---|
| అస్ఫాల్ట్ | జర్మనీ, 1929 | గంటన్నర | పోలీసు కొడుకు | పోలీసు తండ్రే అప్పగిస్తాడు | కొడుకుకు విముక్తి, ప్రేయసికి జైలు |
| దట్ నైట్స్ వైఫ్ | జపాన్, 1930 | 65 నిమిషాలు | జబ్బుపడిన పిల్ల తండ్రి | భార్య తుపాకులు పట్టి కాపాడుతుంది | తానే లొంగిపోతాడు |
| బ్లాక్‌మెయిల్ (మూకీ ప్రతి) | బ్రిటన్, 1929 | గంటా పావు | దుకాణదారు కూతురు | తల్లిదండ్రులకు తెలియదు, డిటెక్టివ్ ప్రియుడు దాస్తాడు | శిక్ష లేదు, శాంతీ లేదు |
| సర్ ఆర్నెస్ ట్రెజర్ | స్వీడన్, 1919 | గంటా ముప్పావు | కిరాయి సైనికుడు | చనిపోయిన అక్క న్యాయం అడుగుతుంది | మరణం |
| షికాగో | అమెరికా, 1927 | దాదాపు రెండు గంటలు | భార్య | భర్త ఆమె కోసం దొంగ అవుతాడు | భార్యకు విడుదల, ఇంటి నుంచి గెంటివేత |

## అస్ఫాల్ట్: యూనిఫాం తొడుక్కున్న తండ్రి

ఇతివృత్తానికి సూటిగా సరిపోయే చిత్రం ఇదే. జో మే దర్శకత్వంలో, ఎరిక్ పోమర్ నిర్మాణంలో, ఉఫా సంస్థ తీసిన ఈ చిత్రం 1929 మార్చిలో బెర్లిన్‌లో విడుదలైంది. రోడ్డు మీద తారు పరుస్తున్న కూలీల దృశ్యాలతో మొదలై, వాహనాల రద్దీ మధ్య చేతులు చాచి నిలబడిన ట్రాఫిక్ పోలీసు ఆల్బర్ట్ హోల్క్ దగ్గర ఆగుతుంది. ఆ వీధిని స్టూడియోలో సెట్టుగా కట్టారని తెలిసి చూసినా నమ్మబుద్ధి కాదు. ఆల్బర్ట్ పాత్ర పోషించిన గుస్తావ్ ఫ్రోలిష్ అంతకు రెండేళ్ల ముందు 'మెట్రోపోలిస్'లో కథానాయకుడు. ఈ చిత్రంలో అతని తండ్రి కూడా పోలీసే. ఇంట్లో క్రమశిక్షణ, పరిశుభ్రత, భోజనాల బల్ల, తల్లి ఆప్యాయత అన్నీ ఒద్దికగా అమరి ఉంటాయి.

ఆ ఒద్దికను చెదరగొట్టేది ఎల్సే అనే యువతి. నగల దుకాణంలో వజ్రం కాజేసి గొడుగు మొనలో దాచుకున్న ఆమెను ఆల్బర్ట్ పట్టుకుంటాడు. ముసలి నగల వర్తకుడు జాలిపడి వదిలేద్దామన్నా, చట్టం చట్టమేనంటూ ఆమెను స్టేషనుకు బయలుదేరదీస్తాడు. కాగితాలు తెచ్చుకుంటానని ఆమె అతన్ని తన ఫ్లాటుకు తీసుకెళ్లి ఏడుస్తుంది, బతిమాలుతుంది, చివరికి వదలకుండా వాటేసుకుంటుంది. బెటీ అమన్ నటన గురించి ఇవాళ్టికీ మాట్లాడుకునేది ఈ ఘట్టం వల్లనే. కర్తవ్యాన్ని ఉల్లంఘించినందుకు ఆల్బర్ట్ సిగ్గుతో కుంగిపోతాడు. ఆ తరువాత, పారిస్‌లో బ్యాంకు దోచి తిరిగొచ్చిన ఎల్సే పాత ప్రియుడు ఇద్దరినీ ఒకచోట చూడటంతో పెనుగులాట జరుగుతుంది. అందులో ఆ ప్రియుడు ఆల్బర్ట్ చేతిలో చనిపోతాడు.

మనకు కావలసిన ఘట్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఆల్బర్ట్ ఇంటికి వచ్చి తల్లిదండ్రుల ముందు తప్పు ఒప్పుకుంటాడు. తండ్రిగా ఆల్బర్ట్ స్టైన్‌రూక్ ఆ మాట విని కొడుకును కొట్టడు, తిట్టడు, లేచి యూనిఫాం తొడుక్కుంటాడు. ఆ దుస్తులు వేసుకోవడంలోని నిదానమే ఈ చిత్రం మొత్తానికి పతాక సన్నివేశం. గుండీలు పెట్టుకునే వరకు అతను తండ్రి, ఆ తరువాత పోలీసు. కొడుకును తానే స్టేషనుకు నడిపించుకుని వెళతాడు. ఇది కొడుకు పట్ల ద్రోహమా, ఇంటి పరువు పట్ల విధేయతా అని చిత్రం విడమరచి అడగదు. జో మే దానికి అసలు రెండు వైపులున్నాయని అనుకున్నట్టే కనిపించడు. ఆ నమ్మకం ఇవాళ్టి ప్రేక్షకుడిని కాస్త ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బంది కోసమే ఈ చిత్రాన్ని చూడమంటాను.

లోపాలూ ఉన్నాయి. ఆకర్షణ ఘట్టానికి వెచ్చించినంత సమయాన్ని దర్శకుడు కుటుంబానికి వెచ్చించలేదు. తల్లి పాత్రకు కన్నీళ్లు తప్ప పని లేదు. హత్య ఆత్మరక్షణ కోసం జరిగిందని ఎల్సే సాక్ష్యం చెప్పి, దానితోపాటు తన దొంగతనాన్నీ ఒప్పుకుని జైలుకు వెళ్లడంతో తండ్రి నిర్ణయానికి చెల్లించవలసిన మూల్యం ఆమె ఖాతాలో పడుతుంది. మొదటి గంట నెమ్మదిగా సాగుతుందన్న సంగతి ముందే తెలిసి కూర్చుంటే ఆఖరి అరగంట పూర్తి ఫలితం ఇస్తుంది.

## దట్ నైట్స్ వైఫ్: ఒక గది, ఒక రాత్రి, రెండు తుపాకులు

యసుజిరో ఓజు పేరు వినగానే చాప మీద కూర్చున్న తల్లిదండ్రులు, పెళ్లి కావలసిన కూతురు, ప్రశాంతమైన కెమెరా గుర్తొస్తాయి. 1930లో షొచికు సంస్థకు ఆయన తీసిన ఈ చిత్రం తుపాకీతో జరిగే దోపిడీతో మొదలవుతుంది. కథ ఒక అమెరికన్ రచయిత రాసిన దాని నుంచి తీసుకున్నది. గది గోడల నిండా హాలీవుడ్ సినిమా పోస్టర్లు వేలాడుతుంటాయి. బొమ్మలు గీసి బతికే హషిజుమే కూతురు తీవ్రంగా జబ్బుపడుతుంది. ఈ రాత్రి గడిస్తే బతుకుతుందని వైద్యుడు చెబుతాడు. మందులకు డబ్బు లేక అతను ఒక కార్యాలయాన్ని దోచి, టాక్సీ ఎక్కి ఇంటికి చేరతాడు. ఆ టాక్సీ నడిపినవాడు డిటెక్టివ్ కగావా.

ఆపై కథ దాదాపు అంతా ఆ ఒక్క గదిలోనే జరుగుతుంది. డిటెక్టివ్ లోపలికి రాగానే భార్య మయుమి ఎత్తు వేసి, భర్త తుపాకీ ఒక చేత, డిటెక్టివ్ తుపాకీ ఇంకొక చేత పట్టుకుని అతన్ని కదలనివ్వదు. తెల్లవారే వరకు భర్త పిల్ల పక్కన ఉండాలన్నదే ఆమె షరతు. కిమోనో కట్టుకున్న గృహిణి రెండు చేతులా తుపాకులు ఎక్కుపెట్టి, నిద్ర ముంచుకొస్తున్నా కళ్లు విప్పార్చి నిలబడిన దృశ్యం మరచిపోయేది కాదు. ఎమికో యగుమో ఆ పాత్రలో వీరత్వం చూపించదు, అలసట చూపిస్తుంది. ఒక దశలో ఆమె కునుకు తీస్తుంది, తెలివి వచ్చేసరికి తుపాకులు డిటెక్టివ్ చేతిలోకి మారి ఉంటాయి.

ఇక ఓజు చేసిన పని గమనించదగ్గది. పిల్ల గండం గట్టెక్కాక డిటెక్టివ్ నిద్ర నటిస్తాడు, తండ్రి పారిపోవడానికి దారి ఇస్తాడు. పారిపోయిన తండ్రి తిరిగి వస్తాడు. శిక్ష అనుభవించి వస్తేనే కూతురి ముందు తలెత్తుకుని నిలబడగలనన్నది అతని లెక్క. ఇంటి మీద ప్రేమే నేరం చేయించింది, ఇంటి మీద ప్రేమే నేరాన్ని ఒప్పించింది. ఈ ఐదు చిత్రాల్లో అపరాధ భావానికీ కుటుంబ విధేయతకూ మధ్య తగువు లేనిది ఇదొక్కటే.

డిటెక్టివ్ మంచితనం కాస్త అతిగా తోచవచ్చు. జబ్బుపడిన పిల్లను అడ్డుపెట్టి ప్రేక్షకుడి మనసు కరిగించారన్న ఆక్షేపణలోనూ న్యాయం ఉంది. అయినా 65 నిమిషాల్లో కథ ఎక్కడా జారిపోదు. కార్డులు కూడా తక్కువ, ఉన్నవి పొట్టివి. ఇందులో ఒక చారిత్రక విశేషం ఉంది. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 నాటికే వచ్చేసినా, జపాన్‌లో ఓజు 1935 వరకు మూకీలు తీస్తూనే ఉన్నాడు. అక్కడి థియేటర్లలో తెర పక్కన నిలబడి పాత్రలన్నిటి మాటలూ తానే పలుకుతూ కథ నడిపించే బెన్షీ, మన హరికథా భాగవతార్ మాదిరిగా, సొంత అభిమానులున్న కళాకారుడు. బెన్షీల ప్రాబల్యం ఉన్నంతకాలం మాటల యంత్రం కోసం ప్రేక్షకులు తొందరపడలేదు.

## బ్లాక్‌మెయిల్: ఏ ప్రతి చూడాలన్నదే మొదటి చిక్కు

హిచ్‌కాక్ ఈ చిత్రాన్ని 1929లో రెండు రూపాల్లో ఇచ్చాడు. మాటలతో ఉన్నది ముందు విడుదలైంది. శబ్ద పరికరాలు లేని సినిమా హాళ్లు బ్రిటన్‌లో అప్పటికి చాలా ఉండటంతో మూకీ రూపం ఆ వెనుక వచ్చింది. కాబట్టి ఈ పేరుతో దొరికే ప్రతి తీసుకునేవారు ముందుగా అది ఏ రూపమో చూసుకోవాలి.

లండన్‌లో పొగాకు దుకాణం నడిపే దంపతుల కూతురు ఆలిస్, స్కాట్లాండ్ యార్డ్ డిటెక్టివ్ అయిన ప్రియుడు ఫ్రాంక్‌తో పోట్లాడి, ఒక చిత్రకారుడి వెంట అతని గదికి వెళుతుంది. అతను బలాత్కారానికి దిగినప్పుడు చేతికి అందిన రొట్టె కోసే కత్తితో పొడుస్తుంది. ఆ పెనుగులాట మంచం పరదా వెనుక జరుగుతుంది, మనకు కనిపించేది తడుముకుంటున్న ఆమె చెయ్యి మాత్రమే. తెల్లవారే వరకు ఆమె లండన్ వీధుల్లో తిరుగుతుంది. దారి పక్కన పడుకున్న బిచ్చగాడి చాచిన చెయ్యి శవం చెయ్యిలా కనిపించి ఉలిక్కిపడుతుంది. పొద్దున్నే తల్లి గదిలోకి వచ్చి, పంజరం మీది గుడ్డ తీసి, కూతుర్ని నిద్ర లేపుతుంది. కూతురు రాత్రంతా పడుకోలేదని ఆ తల్లికి తెలియదు. ఇంటివాళ్ల అమాయకత్వం నేరస్తురాలిని ఎంత హింసిస్తుందో ఆ చిన్న దృశ్యం చెబుతుంది.

హత్యాస్థలంలో ఆలిస్ చేతితొడుగు ఫ్రాంక్‌కు దొరుకుతుంది, దాన్ని జేబులో దాచుకుంటాడు. జతలో రెండోది దొరికినవాడు బెదిరింపులకు దిగుతాడు. చివరికి ఆ బెదిరించినవాడే పోలీసుల తరుములాటలో బ్రిటిష్ మ్యూజియం గుమ్మటం మీది నుంచి పడి చనిపోవడంతో ఫైలు మూతపడుతుంది. నేరం ఒప్పుకోవడానికి స్వయంగా వెళ్లిన ఆలిస్ మాట ఎవరి చెవికీ చేరదు. చట్టం తప్పించింది కాబట్టి ఆమెను ఇక మనసే శిక్షించాలి.

రెండు రూపాల్లో ఏది మేలన్నదానికి నా జవాబు ఇది. అపరాధ భావం చూపించే ఒకే ఒక్క గొప్ప దృశ్యం చాలనుకుంటే మాటల రూపం చూడాలి. పొరుగింటావిడ వాగుడులో 'కత్తి' అన్న ఒక్క మాట తప్ప తక్కినవన్నీ గొణుగుడుగా మారిపోయే ఉదయపు ఫలహారం ఘట్టం అందులో మాత్రమే ఉంది. చిత్రం మొత్తంగా సాఫీగా సాగాలనుకుంటే మూకీ రూపమే మేలు. నాయిక ఆనీ ఓండ్రా చెక్ దేశస్తురాలు. ఆమె ఉచ్చారణ పనికిరాదని, మాటల రూపంలో ఆమె పెదవులు కదిలిస్తుంటే కెమెరా పక్క నుంచి జోన్ బారీ అనే నటి మాటలు పలికింది. ఆ అతుకు కొన్నిచోట్ల తెలిసిపోతుంది. మూకీలో ఆమె ముఖం పూర్తిగా ఆమెదే.

## సర్ ఆర్నెస్ ట్రెజర్: గడ్డకట్టిన సముద్రం మీద

సెల్మా లాగెర్లోఫ్ నవల ఆధారంగా మోరిట్జ్ స్టిల్లర్ 1919లో తీసిన ఈ చిత్రాన్ని నేరకథ అంటే కొందరు ఒప్పుకోకపోవచ్చు, ఎందుకంటే కథాకాలం 16వ శతాబ్దం. అయితే కథ నిండా ఉన్నది దోపిడీ, సామూహిక హత్య, పీడించే జ్ఞాపకం. చెరసాల నుంచి తప్పించుకున్న ముగ్గురు స్కాటిష్ కిరాయి సైనికులు సర్ ఆర్నె ఇంటివారిని నరికి, వెండి నింపిన పెట్టెతో పారిపోతారు. పెంపుడు కూతురు ఎల్సాలిల్ ఒక్కతే మిగులుతుంది. ఓడరేవులో ఆమె ప్రేమించిన సర్ ఆర్చీయే, తనతో కలిసి పెరిగిన అక్కను చంపినవాడు. సముద్రం గడ్డకట్టి ఓడ కదలదు కాబట్టి హంతకులు ఊరు విడిచి వెళ్లలేరు.

చనిపోయిన అక్క ఒకవైపు, ప్రేమించినవాడు ఇంకొకవైపు. జంట ఎక్స్‌పోజర్‌తో, అంటే ఒకే ఫిలిం మీద రెండుసార్లు చిత్రీకరించి తీసిన అక్క ప్రేతాత్మ ఇంట్లోకి వచ్చి నిలబడినప్పుడు భయం కంటే బరువు ఎక్కువగా అనిపిస్తుంది. ఆర్చీలోనూ పశ్చాత్తాపం నిజంగానే ఉంది. తాను చంపిన పిల్లను ఎల్సాలిల్‌లో చూస్తూ, ఈమెనైనా సుఖపెడితే పాపం తగ్గుతుందని అనుకుంటాడు. అంతటివాడూ ప్రాణం మీదికి వచ్చేసరికి ఆమెనే డాలుగా అడ్డం పెట్టుకుంటాడు. పశ్చాత్తాపానికీ పిరికితనానికీ మధ్య ఉన్న సన్నని గీతను ఇంత నిర్దాక్షిణ్యంగా చూపిన మూకీ అరుదు. ఆమె శవాన్ని మోసుకుంటూ మంచు మీద నల్లని దుస్తుల్లో సాగే స్త్రీల ఊరేగింపును తీసిన ఛాయాగ్రాహకుడు జూలియస్ యాంజోన్.

ఓపిక కావాలి. కార్డులు ఎక్కువ, నడక నెమ్మది. మూకీలకు కొత్తవారు దీనితో మొదలుపెట్టవద్దు.

## షికాగో: భార్య కోసం దొంగ అయిన భర్త

2002 నాటి సంగీతభరిత చిత్రం చూసినవారికి కథ తెలిసిందే. ప్రియుణ్ని కాల్చి చంపిన రాక్సీ, ఆమెను విడిపించే లాయరు, వెంటపడే పత్రికలు. మోరీన్ వాట్కిన్స్ నాటకం ఆధారంగా 1927లో వచ్చిన ఈ మూకీకి దర్శకుడిగా ఫ్రాంక్ అర్సన్ పేరు వేశారు, వెనుక ఉండి నడిపింది సెసిల్ బి. డెమిల్. తరువాతి రూపాల్లో నవ్వులపాలయ్యే భర్త ఏమాస్ ఇందులో కథకు కేంద్రం. లాయరు ఫీజు కట్టలేక, ఆ లాయరు ఇంట్లోనే దొంగతనం చేసి, ఆ డబ్బే అతనికి చెల్లిస్తాడు. విక్టర్ వార్కొనీ ఆ పాత్రను హాస్యానికి వదిలేయకుండా నిలబెట్టాడు. రాక్సీకి అపరాధ భావం ఏ కోశానా లేదు, ఉన్నదంతా అతనికే. ఆమె విడుదలయ్యాక అతనే ఆమెను ఇంటి నుంచి వెళ్లగొడతాడు. వ్యంగ్యం ఇష్టపడేవారికి మంచి ఎంపిక. గంభీరమైన కథ కోసం వచ్చినవారికి రెండు గంటలు ఎక్కువ అనిపిస్తుంది.

## ఎవరికి ఏది

మూకీ ఎప్పుడూ చూడనివారు ఓజు చిత్రంతో మొదలుపెట్టడం మంచిది. గంటలో ముగుస్తుంది, ఒకే గది, నలుగురే మనుషులు, కథ తప్పిపోయే ప్రమాదం లేదు. అమ్మానాన్నలతో కలిసి కూర్చుని చూడటానికి కూడా ఇదే అనువైనది. మొదటి దోపిడీ ఘట్టం దాటితే మిగిలినదంతా పిల్ల జ్వరం, తల్లి కాపలా. మన ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేని విషయాలు. 'అస్ఫాల్ట్'లోని ఆకర్షణ ఘట్టం పెద్దల ముందు కాస్త ఇబ్బందికరం, 'బ్లాక్‌మెయిల్'లో బలాత్కార యత్నం ఉంది. ఈ రెండు సంగతులూ ముందే తెలుసుకుని పెట్టుకోవాలి.

ఉత్కంఠ కోసం చూసేవారికి 'బ్లాక్‌మెయిల్'ను మించింది ఇక్కడ లేదు, కాకపోతే కుటుంబం అన్న అంశంలో వారు రాజీపడాలి. కథలు, స్క్రిప్టులు రాసేవారు మాత్రం 'అస్ఫాల్ట్'ను రెండుసార్లు చూడటం లాభదాయకం. తండ్రి సన్నివేశంలో ఎంత తక్కువ జరుగుతుందో, దానికోసం దర్శకుడు మొదటి నుంచీ యూనిఫాంను ఎన్నిసార్లు చూపించి పెట్టాడో రెండోసారి తెలుస్తుంది. మన సినిమాల్లో పోలీసు తండ్రి, తప్పు చేసిన కొడుకు తారసపడే ఘట్టం రాగానే రెండు పేజీల సంభాషణ వచ్చి పడుతుంది. ఈ చిత్రంలో ఆ పని ఒక కోటు చేస్తుంది.

ఫిలిం సొసైటీలో ప్రదర్శించి చర్చ పెట్టాలనుకునేవారి లెక్క వేరు. పెద్ద తెర మీద చూస్తే బలం పెరిగేవి స్వీడన్ చిత్రంలోని మంచు మైదానాలు, బెర్లిన్ వీధి. ఓజు గది చిన్న తెర మీద కూడా ఏమీ కోల్పోదు. చర్చకు మాత్రం 'అస్ఫాల్ట్' తండ్రి పనికొచ్చినంతగా మరెవరూ పనికిరారు, ఎందుకంటే హాలు రెండుగా చీలుతుంది.

## ప్రతి, వేగం, సంగీతం

మూకీ బాగా లేదని మధ్యలో ఆపేసినవారిలో చాలామంది చూసింది చెడ్డ ప్రతి. ఆ రోజుల్లో చిత్రాలను సెకనుకు 16 నుంచి 24 ఫ్రేముల మధ్య రకరకాల వేగాలతో తీసేవారు, ఆడించేవారు. నిదానంగా తీసినదాన్ని వేగంగా ఆడిస్తే మనుషులు తోలుబొమ్మల్లా గెంతుతారు, విషాదం కాస్తా హాస్యమవుతుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రతుల్లో ఈ దోషం తరచుగా కనిపిస్తుంది. మనుషుల నడక సహజంగా ఉందో లేదో మొదటి రెండు నిమిషాల్లో చూసి నిర్ణయించుకోవచ్చు. 1919 నాటి చిత్రానికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఓజు చిత్రం 2015లో క్రైటీరియన్ సంస్థ వెలువరించిన మూడు నేరకథల డివిడి సెట్టులో ఉంది. దానికి నీల్ బ్రాండ్ పియానో సంగీతం సమకూర్చాడు. సంగీతం వద్దనుకుంటే ఆపుకునే వీలుంది. 'బ్లాక్‌మెయిల్' మూకీ రూపాన్ని బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ పునరుద్ధరించి, 2012లో పతాక సన్నివేశం జరిగిన బ్రిటిష్ మ్యూజియం ఆవరణలోనే ప్రదర్శించింది. దానికీ సంగీతం నీల్ బ్రాండ్‌దే, అయితే ఆర్కెస్ట్రాతో. 'షికాగో' ప్రతి డెమిల్ సొంత సేకరణలో భద్రంగా ఉండటం వల్ల మనదాకా వచ్చింది. 'అస్ఫాల్ట్'కు పునరుద్ధరించిన జర్మన్ ప్రతినే వెతకాలి, అందులో వీధి దృశ్యాల వెలుగునీడలు స్పష్టంగా నిలిచాయి. తెలుగు ఉపశీర్షికల మీద ఆశ పెట్టుకోకుండా, కార్డులు చదివి చెప్పే బాధ్యత ఒకరు తీసుకుంటే ఇంటిల్లిపాదీ చూడవచ్చు.

ఒకే వారంలో రెండు చూసే వీలున్నవారు ఓజు చిత్రాన్ని ముందు, 'అస్ఫాల్ట్'ను తరువాత పెట్టుకోవాలి. ముందుగా జర్మన్ చిత్రం చూస్తే, తండ్రి యూనిఫాం తొడుక్కోవడం ఆ కాలపు కట్టుబాటుగా మాత్రమే కనిపిస్తుంది. నిద్ర నటించి నేరస్తుణ్ని వదిలేసిన డిటెక్టివ్‌ను చూసి వచ్చినవారికి, ఆ తండ్రి ముందు ఇంకొక దారి కూడా ఉండిందని, తెలిసే దాన్ని వదులుకున్నాడని అర్థమవుతుంది.